వారానికో సూదిమందు

"అమ్మగారూ, ఇంక విప్పడానికి లోపల గుడ్డ లేదండీ!"

మా టైలరు ఈ మాట చాలా మర్యాదగా, నా మొహంకేసి చూడకుండా, చేతిలోని జాకెట్టుకేసి చూస్తూ అన్నాడు. ఇరవైమూడేళ్లనుంచి నా జాకెట్లు కుడుతున్న మనిషి. పెళ్లయిన కొత్తలో పట్టుజాకెట్టుకి రెండుపక్కలా మూడేసి కుట్లు వేసి, "ముందుముందు పనికొస్తాయమ్మా" అని నవ్వితే, "నాకెందుకు పనికొస్తాయి?" అని కోపం తెచ్చుకున్నదాన్ని నేనే. పెద్దమ్మాయి పుట్టాక ఒక కుట్టు విప్పాం. చిన్నమ్మాయి పుట్టాక రెండోది. ఒక సీరియల్ కోసం ఏడాదిపాటు కుర్చీలోంచి లేవకుండా, పక్కన జంతికల డబ్బా పెట్టుకుని రాశానే, ఆ ఏడాది మూడోది విప్పేశాం. ఇప్పుడు విప్పడానికేమీ లేదు. అతుకు వెయ్యాలిట!

ఇంటికొచ్చి బరువు చూసుకునే మిషను మంచం కిందనుంచి లాగాను. దాన్ని కొన్నది మావారు, రోజూ ఎక్కేదీ మావారే, దానిమీద దుమ్ము తుడిచేది మాత్రం నేను. ఎక్కాను. 84 కిలోలు. గాజులూ గొలుసూ తీసేసి, జుట్టు ముడి విప్పేసి (నవ్వకండి, మీరూ చేసే ఉంటారు) మళ్లీ ఎక్కాను. 84 కిలోలే! నా ఎత్తు చూస్తే అయిదడుగుల రెండంగుళాలు.

లావు సంగతి నాకేం కొత్త కాదు. నా బాధంతా ఆ తర్వాత వారం వచ్చిన రక్తపరీక్ష కాగితంతో మొదలైంది. మూడునెలల షుగరు సగటు 6.3 ఉందిట. 6.5 వస్తే షుగరు జబ్బు కిందే లెక్క. "మీరింకా గట్టుమీదే ఉన్నారు. కానీ బాగా అంచున నిలబడ్డారు" అంది డాక్టరమ్మ.

ఆ మాటకి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తెనాల్లో వేసవి సెలవులకి వెళ్తే, వీధిగుమ్మంలోనే మమ్మల్ని వరసగా నిలబెట్టి మొహాలు తడిమి చూసేది. "ఇది పెద్దది, దీని ముక్కు నాదే" అనేది. అది ముద్దు అనుకునేవాళ్లం. ఆవిడకి కళ్లు కనబడవని నాకు ఎనిమిదేళ్లొచ్చేదాకా తెలీదు. షుగరు ముందు కాలివేళ్లు రెండు తీసుకుంది, తర్వాత చూపు తీసుకుంది. అమ్మకి నలభై ఎనిమిదో ఏట వచ్చింది. నాకిప్పుడు నలభై ఆరు.

"ఈమధ్య వారానికొక ఇంజక్షను వస్తోంది కదా, దాని గురించి ఆలోచించుకోండి. తొందరేం లేదు. మూడునెలలు టైం తీసుకోండి" అంది డాక్టరమ్మ. బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివిన దాన్ని. నాకు అలంకారాలు తెలుసు, ఛందస్సు కొద్దిగా తెలుసు. సూదిమందు సంగతి ఏం తెలుస్తుంది? అందుకని ఆ మూడునెలలూ కనబడిన ప్రతివాళ్లనీ అడిగాను.

ముందు అమ్మకి ఫోను చేశాను. అంతా విని, కాసేపు ఊరుకుని, "ఆకలి చచ్చిపోవడానికి సూది పొడిపించుకుంటారుటే! మా రోజుల్లో ఆకలి పుట్టడానికి లేహ్యాలు తినేవాళ్లం" అంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పిల్లలకి ఆకలి లేకపోతే దిష్టి తీసి, వాము నీళ్లు పట్టిన ఇంట్లో పెరిగిన నాకు, ఆకలిని డబ్బిచ్చి చంపుకోవడం అంటే లోలోపల ఎక్కడో అపచారంగానే అనిపించింది.

మావారిది ఇంకో ధోరణి. "నోరు కట్టుకుంటే సరిపోయేదానికి సూదులెందుకోయ్?" అన్నారు, బందరు లడ్డు రెండోది నోట్లో వేసుకుంటూ. ఆయన అలా రోజుకి నాలుగు తిన్నా చొక్కా కొలత మారదు. నేను లడ్డూ డబ్బా మూత తీసి వాసన చూస్తే చాలు, నడుం దగ్గర అంగుళం పెరుగుతుంది. నోరు కట్టుకోలేదా నేను? ఆ మధ్య మా విజయవాడలో అందరూ కొబ్బరినూనె తాగి నిమ్మకాయలు పిండుకున్న రోజుల్లో నేనూ తాగాను. తొమ్మిది కిలోలు తగ్గాను. ఏడాది తిరక్కుండా పదకొండు పెరిగాను. ఆ లెక్కన చూస్తే నేను నోరు కట్టుకున్న ప్రతిసారీ రెండు కిలోలు లాభం!

ఇలా ఎందుకవుతుందో బీఫార్మసీ చదువుతున్న మా చిన్నమ్మాయి చెప్పింది. అన్నం తిన్నాక మన పేగులు ఒక హార్మోన్ని వదుల్తాయిట. దాని పేరు జీఎల్పీ-1. అది పొట్టకి "నెమ్మది" అనీ, మెదడుకి "ఇక చాలు" అనీ, క్లోమానికి "ఇన్సులిన్ వదులు" అనీ చెప్తుంది. కానీ రెండు మూడు నిమిషాల్లోనే అది కరిగిపోతుంది. ఈ సూదిమందులు దానికి నకలు. ఎక్కువరోజులు ఒంట్లో నిలిచేట్టుగా మార్చి తయారుచేశారు. సెమాగ్లూటైడ్ అన్నది వారమంతా పనిచేస్తుంది. టిర్జెపటైడ్ అన్నది ఒకటికి రెండు హార్మోన్ల పని చేస్తుంది.

"అసలీ దారి ఎక్కడ మొదలైందో తెలుసా అమ్మా? బల్లి దగ్గర!" అంది.

అమెరికాలో ఆరిజోనా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అని ఒక పెద్ద బల్లి ఉందిట. ఏడాదికి కొద్దిసార్లు మాత్రం తిని బతికేస్తుంది. జాన్ ఎంగ్ అనే న్యూయార్క్ డాక్టరు దాని విషంలో ఇలాంటి హార్మోన్నే కనిపెట్టి 1992లో ప్రకటించాడు. దాన్ని బట్టి తయారైన షుగరు మందు 2005లో అమెరికాలో బజారుకొచ్చింది. ఇప్పటి వారం సూదులు బల్లిలోంచి వచ్చినవి కావు, మనిషి హార్మోన్నే మార్చినవి. అయినా నేను ఈ కథ అమ్మకి చెప్పలేదు. బల్లి మీద పడితేనే తలంటుపోసుకుని దీపం పెట్టే మనిషికి, బల్లి ఊసున్న మందు ఒంట్లోకి ఎక్కించుకుంటానని ఎలా చెప్పను?

కాగితాలమీద ఉన్న లెక్కలు కూడా చిన్నమ్మాయే చదివి వినిపించింది. 2021లో అచ్చయిన పరిశోధనలో సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్లు 68 వారాల్లో సగటున తమ బరువులో 15 శాతం తగ్గారు. ఉత్తి నీళ్లసూది వేయించుకున్నవాళ్లు రెండున్నర శాతం కూడా తగ్గలేదు. 2022 నాటి టిర్జెపటైడ్ పరిశోధనలో మోతాదునిబట్టి 15 నుంచి 21 శాతం దాకా తగ్గారు. వేళ్లమీద లెక్కేసుకున్నాను. నాకైతే పన్నెండున్నర కిలోలు. అంటే మూడు కుట్లూ మళ్లీ వేయించుకోవచ్చు!

"ఆగు, తర్వాతది విను" అంది. సెమాగ్లూటైడ్ వేసుకున్నవాళ్లు మానేసిన ఏడాదికి, తగ్గిన దాంట్లో మూడింట రెండువంతులు తిరిగి వచ్చేసింది.

ఇది విన్నప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. కొబ్బరినూనె చేసిన పనే ఇదీ చేస్తుందన్నమాట! "కాదమ్మా. బీపీ మాత్ర మానేస్తే బీపీ రాదా? అలాంటిదే ఇదీ" అంది చిన్నమ్మాయి. అది సమంజసంగానే ఉంది. కానీ బీపీ మాత్ర ఖరీదు ఎంత, దీని ఖరీదు ఎంత! 2025 మార్చిలో మౌంజారో మనదేశంలోకి వచ్చినప్పుడు అయిదు మిల్లీగ్రాముల సీసా ఒక్కటి 4,375 రూపాయలు. నెలకి నాలుగు. పదిహేడున్నర వేలు! ఒక నవలకి నాకు వచ్చే పారితోషికం ఎన్ని సూదులవుతుందో లెక్క కట్టి, ఆ లెక్క ఎవరికీ చూపించకుండా చింపేశాను. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు ఇక్కడ ముగిసి మన కంపెనీలకి దారి తెరుచుకుంది కాబట్టి కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అయినా చౌక అయినంతమాత్రాన ఒంటికి మంచిదైపోదు కదా.

కాగితాల మాట అలా ఉంచి మనుషుల సంగతి చెప్తాను.

కూకట్‌పల్లిలో ఉన్న మా తోడికోడలు (అక్కయ్యా అని పిలుస్తాను) కిందటేడాది ఏప్రిల్లో మొదలుపెట్టింది. అప్పుడు 97 కిలోలు. రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఉలిక్కిపడి లేచేది. బావగారు పక్కగదిలో పడుక్కునేవారు. మోకాళ్లు సరేసరి. ఈ సంక్రాంతికి మేం వెళ్లేసరికి 80కి దిగింది. తెల్లారుఝామున లేచి చూస్తే వీధిలో గొంతుకూర్చుని ముగ్గు పెడుతోంది! తొమ్మిదేళ్లనుంచి పనమ్మాయిచేత పెట్టించిన మనిషి. ఒక చుక్క తప్పినా, ఎవరూ సాయం పట్టకుండానే లేచి నిలబడి చూసుకుని, మళ్లీ కూర్చుని దిద్దింది. బీపీ మాత్ర సగానికి తగ్గించారుట. బావగారు తమ గదికి తిరిగి వచ్చేశారుట. ఈ రెండో సంగతి చెప్పినప్పుడు అక్కయ్య మొహం చూడాలి!

దీన్నిబట్టి నేను మర్నాడే పరుగెత్తి సూది వేయించుకోవాలి. కానీ ఆ అక్కయ్యనే నేను కిందటేడాది మేలో కూడా చూశాను.

అమ్మ ఆవకాయ పెట్టడానికి వచ్చింది. అక్కయ్య కూడా వచ్చింది. మా ఇంట్లో ఆవకాయ కలిపిన రోజు వేరే కూర ఉండదు. జాడీల్లోకి ఎత్తేశాక, కలిపిన బేసిన్లో మిగిలిన గుజ్జులోనే వేడివేడి అన్నం, ఇంత నూనె పోసి అమ్మ కలుపుతుంది. చుట్టూ చేరి చేతులు చాపుతాం. అరవై దాటిన వాళ్లయినా ఆ రోజు చెయ్యి చాపాల్సిందే. అమ్మ ఎవరికి ఎంత కారం పడుతుందో తెలుసుకుని, ముద్ద మీద వెన్న అద్ది పెడుతుంది. అక్కయ్యంటే అమ్మకి ప్రత్యేకం, అందరికంటే ఎర్రముద్ద ఆవిడకే. ఆ రోజు అక్కయ్య ఒక ముద్ద తింది. రెండో ముద్దకి చెయ్యి వెనక్కి తీసుకుంది. "చాలు పిన్నిగారూ." అమ్మ నవ్వి, "మొహమాటమా?" అని మళ్లీ చాపింది. "నిజంగా చాలండీ" అని లేచి చెయ్యి కడిగేసుకుంది. అమ్మ చేతిలో ఆ ముద్ద అలాగే ఉండిపోయింది. ఒక నిమిషం ఎవరికివ్వాలో తెలీక, తిరిగి బేసిన్లో పెట్టేసింది.

తర్వాత నేను అడిగాను, "తినాలనిపించలేదా అక్కయ్యా?" అని. ఆవిడ ఆలోచించి చెప్పింది. "కడుపు నిండిపోయిందని కాదు. వద్దనీ కాదు. ఎదురుగా ఉందంతే. గోడమీద కాలెండరు ఉన్నట్టు ఉంది. ఇదివరకు ఉదయం లేచిన దగ్గర్నుంచి బుర్రలో ఏదో ఒకటి వాగుతూ ఉండేది, పెరుగువడా, బజ్జీ, నిన్నటి పూర్ణం మిగిలిందా అని. ఇప్పుడు రేడియో కట్టేసినట్టుంది. ఎంత హాయిగా ఉందనుకున్నావ్!"

ఆవిడకి హాయి. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆ రేడియో కట్టేస్తే నాలో ఇంకేం మిగుల్తుంది? నా నవలల్లో సగం సన్నివేశాలు వంటింట్లోనే జరుగుతాయి. పెసరట్టు వాసన రాకుండా నేను ఒక ఆదివారం ఉదయం రాయలేను. ఆకలి లేనిదాన్ని, ఆకలిగొన్న మనిషిని ఎలా రాయను? ఇది చాలా గొప్ప సందేహమని మూణ్ణాలుగు రోజులు మురిసిపోయాను కూడా. చివరికి మా చిన్నమ్మాయే గాలి తీసేసింది. "అమ్మా, నువ్వు హత్యల గురించి కూడా రాశావు" అంది.

ఇక రెండో ఉదాహరణ మా ఆడపడుచు. ఆవిడది కూతురి పెళ్లి తొందర. పెళ్లి వీడియోలో సన్నగా కనబడాలి. ఒక ఊళ్లో, ఒక అందాల క్లినిక్కులో (పేరెందుకు లెండి) డాక్టరు మొహం చూడకుండా, పరీక్షలు లేకుండా, బొట్టు పెట్టి జాకెట్టుగుడ్డ ఇచ్చినంత సుళువుగా సూది ఇచ్చారు. దీనికి ఒక పద్ధతి ఉంది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాలు ఆగి, ఒళ్లు అలవాటుపడ్డాకే పెంచాలి. ఈవిడకి ముహూర్తం దగ్గర పడుతోందని వారంవారం పెంచేశారు. వాంతులు పట్టుకున్నాయి. మంచినీళ్లు కూడా ఇమడలేదు. నాలుగోరోజున కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. పెళ్లి వీడియోలో సన్నగానే ఉంది. కాని బుగ్గలు లోపలికి పోయి, పెళ్లికూతురి అమ్మలా కాదు, అమ్మమ్మలా ఉంది. తర్వాత జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడింది. ఆరునెలలకి గాల్ బ్లాడర్లో రాళ్లు! ఎలా తగ్గినా సరే, గబగబా తగ్గినవాళ్లకి ఈ రాళ్లు వచ్చే భయం ఎక్కువేనట. ఈ మందుల చీటీల మీదా అది రాసే ఉంటుంది.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని, కాగితం మీద ప్రశ్నలు రాసుకుని డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి. నేను అడగడానికి ముందు ఆవిడే నన్ను అడగడం మొదలెట్టింది. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ కాన్సరు వచ్చిందా? మెడుల్లరీ అనే రకం ఉన్న కుటుంబాలవాళ్లు దీని జోలికి వెళ్లకూడదట. ఎలకల్లో అలాంటి గడ్డలు కనిపించాయని అమెరికాలో ఈ మందు కాగితం మీద పెద్ద హెచ్చరికే ఉంది. క్లోమం వాపు వచ్చిందా ఎప్పుడైనా? పిల్లలు కనే ఆలోచన ఉందా? ఈ ఆఖరి ప్రశ్నకి మావారు దగ్గారు. "నవ్వులాట కాదండీ, పెళ్లి కావలసిన ఆడపిల్లలు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు కూడా వచ్చి అడుగుతున్నారు. గర్భంతో ఉండగా వాడకూడదు. సెమాగ్లూటైడ్ అయితే రెండునెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వేసుకుంటుంటే పిల్లలు పుట్టకుండా వాడే మాత్ర సరిగా పనిచెయ్యకపోవచ్చు, వేరే జాగ్రత్త కూడా పడాలి" అందావిడ. మా పెద్దమ్మాయి స్నేహితురాలొకతె ఈమధ్యే సన్నబడడానికి మొదలుపెట్టింది. ఇంటికి రాగానే ముందు ఆ పిల్లకి చెప్పించాను.

కండ సంగతి కూడా చెప్పింది. తగ్గే బరువంతా కొవ్వు కాదు, పావువంతో అంతకి మించో కండ కూడా పోతుంది. "నలభై దాటిన ఆడవాళ్లకి కండ పోవడం అంటే బాంకులో అసలు తీసి ఖర్చుపెట్టుకున్నట్టే. పప్పు, గుడ్డు, పెరుగు తినాలి. ఆకలి లేకపోయినా తినాలి. బరువులెత్తాలి." చూశారా చిత్రం! ఆకలి చంపడానికి సూదీ, ఆ తర్వాత ఆకలి లేకుండా తినడానికి ఓ నియమమూ. నోరు కట్టుకోవడం కంటే ఇదే కష్టమేమో!

నా జాబితాలో ఆఖరి ప్రశ్న కళ్ల గురించి. కంటి నరానికి రక్తం అందక ఉన్నట్టుండి చూపు దెబ్బతినే ఒక జబ్బు ఉంది. అది సెమాగ్లూటైడ్ వాడేవాళ్లలో, చాలా అరుదుగా, పదివేలమందిలో ఒకరి దాకా రావచ్చునని 2025 జూన్‌లో యూరోపు మందుల సంస్థ తేల్చింది. నా బతుకంతా కళ్లమీదే కదా. అందుకని ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. "ఆ ఒక్కరూ నేనైతే?" అన్నాను.

డాక్టరమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. నా కాగితాలు తిరగేసి, "మీ అమ్మమ్మగారి చూపు దేనివల్ల పోయిందన్నారు?" అంది.

నేనేమీ మాట్లాడలేకపోయాను. మూడునెలలుగా నేను తక్కెడలో ఒక పక్కే రాళ్లు వేస్తున్నాను. సూది వేసుకుంటే ఏం పోతుందో అంతా రాసుకున్నాను. వేసుకోకపోతే ఏం పోతుందో మా ఇంట్లోనే, మా వీధిగుమ్మంలోనే, నా మొహమ్మీద వేళ్లతో తడిమి చెప్పినా రాసుకోలేదు. సూది ఒక్కటే దారి కాదని కూడా ఆవిడే అంది. ఇంకో ఆర్నెల్లు నడకా, తిండీ గట్టిగా చూసి, షుగరు దిగుతుందేమో చూడొచ్చంది. ఆర్నెల్లు గట్టిగా చూడడం నాకు రాదని నాకంటే ఆవిడకి ఏం తెలుసు?

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి, సిగ్గుగా ఉన్నా. ఇదంతా షుగరు కోసమేనా అని నన్ను నేను అడుక్కున్నాను. నేను రాసిన పదహారు నవలల్లో పదహారుమంది నాయికలూ సన్నగా ఉంటారు. ఒకతె జాజితీగ, ఒకతె మెరుపుతీగ. లావుగా ఉన్న ఆడది వస్తే అది మేనత్తో, వంటమనిషో, పాఠకుల్ని నవ్వించడానికి వచ్చిన పక్కింటావిడో. ఎనిమిదో నవలలో ఒక లావుపాటి ఆవిడ రిక్షా ఎక్కితే రిక్షా మూలిగింది అని రాశాను. అప్పుడు నా బరువు 71. ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది, "అమ్మా, మేం కూడా మీ నవలలు కొనుక్కుంటాం" అని ఒక్క వాక్యం. దానికి జవాబు రాయలేదు. ఇప్పుడు ఎక్కడుందో ఆవిడ! డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో షుగరు వాటా ఎంతో, ఆ రిక్షా వాటా ఎంతో నాకు తెలీదు. రెండూ ఉన్నాయి.

స్కానింగు అయింది, గాల్ బ్లాడరు శుభ్రంగా ఉందన్నారు. కళ్లడాక్టరు లోపల బొట్లు వేసి చూసి, షుగరు ఛాయలు ఇంకా రాలేదన్నాడు. మొదటినెల మందు తెచ్చి ఫ్రిజ్‌లో తలుపు పక్క అరలో, కరివేపాకు డబ్బా వెనకాల పెట్టాను. మావారు ఇప్పటికి మూడుసార్లు దాన్ని తీసి చదివారు. "చలిమిడి కూడా ఇంత భద్రంగా దాచవు నువ్వు" అన్నారు. ఆయన భయం ఆయన అలా చెప్పుకుంటారు. టైలరు దగ్గరికి వెళ్లి, అతుకులు ఇప్పుడప్పుడే వద్దన్నాను. పైగా, ఎప్పుడైనా బిగించమని తెస్తే లోపల గుడ్డ కత్తిరించొద్దని కూడా చెప్పొచ్చాను. అతను ఈసారి నవ్వలేదు.

పోయిన సోమవారమే మొదలుపెట్టాలి అసలు. కానీ శుక్రవారం కాయ దిగింది. అమ్మ ఫోను చేసింది, "ఆదివారం బస్సుకి వస్తున్నా, ఆవపిండి కొట్టించి ఉంచు" అని. మొదటి సూది ఈ సోమవారానికి వాయిదా వేశాను. డాక్టరమ్మ ఎందుకని అడిగితే, ముహూర్తం కుదరలేదని చెప్పాను.